గొట్లాండ్ దీవిలో ఏడాది పొడుగునా బతకడం ఎలా ఉంటుంది? ఫెర్రీ, ఉద్యోగాలు, ఇల్లు, చలికాలం

గాజువాక_ఈఈఈ
అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో గాలిమరల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీకి గొట్లాండ్ దీవిలో ఉన్న క్యాంపస్‌లో పవన విద్యుత్ ప్రాజెక్టుల మాస్టర్స్‌కి సీటొచ్చింది. ఏడాది కోర్సు. వీడియోలు చూస్తే అన్నీ వేసవివే. కోటగోడ, గులాబీ తీగలు, బీచ్. జనవరిలో అక్కడ మనుషులు ఎలా ఉంటారో చెప్పేవాళ్లు దొరకలేదు. నా భార్య, ఐదేళ్ల పాప కూడా వద్దామంటున్నారు. ఇల్లు దొరుకుతుందా, చదువయ్యాక అక్కడే పని ఉంటుందా, స్టాక్‌హోమ్‌కి రాకపోకలు ఎలా అన్నది తెలియాలి. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు వివరంగా చెప్పగలరు.

స్టాక్‌హోమ్_రావు
కంగ్రాట్స్ తమ్ముడూ. కానీ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నా. దీవి మొత్తం జనాభా 61 వేలు. అందులో విస్బీ ఊరొక్కటే పాతిక వేల దాకా. ఆగస్టు దాటితే సగం హోటళ్లు, రెస్టారెంట్లు మూసేస్తారు. ఐటీ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫ్యామిలీతో వస్తే ఆవిడకు పని దొరకడం ఇంకా కష్టం. మెయిన్‌ల్యాండ్‌లోనే వేరే యూనివర్సిటీ ఏదైనా చూడు. వెస్టెరోస్ వైపు ఎలక్ట్రికల్ వాళ్లకు అవకాశాలెక్కువ.

విస్బీ_అక్క
రావు గారు చెప్పిన అంకెలు సరైనవే. ఆ అంకెలతోనే ఇక్కడ చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాం, పిల్లలు ఇక్కడి బడిలోనే చదువుతున్నారు. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

దీవికి, స్వీడన్ మెయిన్‌ల్యాండ్‌కి మధ్య దాదాపు 90 కిలోమీటర్ల బాల్టిక్ సముద్రం ఉంది. వంతెన లేదు. ఇక్కడ ఏ విషయం తీసుకున్నా, తినే తిండి, కరెంటు, డాక్టరు, బిల్డింగు కట్టే ఇనుము, ఏదైనా సరే, ఆ 90 కిలోమీటర్లు ఎలా దాటుతుందన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఇది బుర్రలో పెట్టుకుంటే దీవి సగం అర్థమైనట్టే.

కారుతో రావాలన్నా సామానుతో రావాలన్నా ఫెర్రీయే. విస్బీ నుంచి రెండు రేవులకు ఏడాది పొడుగునా నడుస్తుంది. స్టాక్‌హోమ్ వైపు నీనెస్‌హమ్న్‌కి మూడుంపావు గంటలు, దక్షిణాన ఆస్కర్స్‌హమ్న్‌కి దాదాపు మూడు గంటలు. నడిపేది డెస్టినేషన్ గొట్లాండ్. దాని మాతృసంస్థ 1865లో దీవివాళ్లు పెట్టుకున్న ఓడల కంపెనీ. రోజుకు ఎన్ని ట్రిప్పులు నడపాలో ప్రభుత్వ రవాణా శాఖ ట్రఫీక్‌వెర్కెట్ ఒప్పందంలో రాసిస్తుంది, రాయితీ డబ్బూ అదే ఇస్తుంది. ఇప్పుడు తిరిగే పెద్ద ఓడలు చైనాలో కట్టినవి, ద్రవ సహజవాయువుతో నడుస్తాయి. లోపల సీట్లు, క్యాంటీన్, పిల్లలు ఆడుకునే చోటు, పెంపుడు జంతువులున్నవాళ్లకు వేరే భాగం అన్నీ ఉంటాయి. ప్రయాణం ఇబ్బందిగా ఉండదు. నవంబరు, డిసెంబరు తుఫాన్లకు మాత్రం ఒక్కోసారి ఓడ రద్దవుతుంది, లేదా టైము మారుతుంది. అలాంటి రోజు మర్నాడు ఉదయం స్టాక్‌హోమ్‌లో వీసా అపాయింట్‌మెంట్ ఉంటే టెన్షనే. అందుకే ఇక్కడివాళ్లు ముఖ్యమైన పనికి ఒక రోజు ముందే వెళ్తారు.

విమానం ముప్పావు గంట లోపే. ఎయిర్‌పోర్టు విస్బీ ఊరి అంచునే ఉంది. తొందర పనికి అది బాగుంటుంది, కానీ నలుగురి కుటుంబానికి ప్రతిసారీ భరించే ఖర్చు కాదు.

ఉప్సలా_పూర్వవిద్యార్థి
ఇదే క్యాంపస్‌లో చదివాను. అక్క చెప్పినదానికి ఒక ముఖ్యమైన సంగతి చేర్చాలి.

దీవిలో నివాసం నమోదైనవాళ్లకు ఫెర్రీ టికెట్ తక్కువ ధరకు వస్తుంది. ఆ నమోదుకు పన్నుల శాఖ దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఏడాది గానీ అంతకుమించి గానీ ఉంటారని తేలితేనే నమోదు చేసి పర్సనల్ నంబర్ ఇస్తారు. మీది ఏడాది కోర్సు కాబట్టి రెసిడెన్స్ పర్మిట్ పన్నెండు నెలలకు తక్కువ వస్తే ఆ నంబర్ రాదు. నంబర్ లేకపోతే బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్, పాప బడి, చౌక టికెట్ అన్నీ కష్టమే. పర్మిట్ చేతికి రాగానే తేదీలు చూసుకోండి. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోడానికి వేరే పర్మిట్‌కి దరఖాస్తు చేయొచ్చు. అది రెండో అడుగు.

ఇక ఇల్లు. ఇక్కడ చాలామంది ఓనర్లు ఆగస్టు ఆఖరు నుంచి మే ఆఖరు దాకా మాత్రమే విద్యార్థులకు ఇస్తారు. జూన్, జులైలలో అదే ఇంటిని టూరిస్టులకు వారం లెక్కన అద్దెకిస్తే వాళ్లకు ఎన్నో రెట్లు వస్తుంది. నేనున్న ఇల్లూ అలాగే. మే నెల చివర్లో థీసిస్ రాస్తూ పెట్టెలు సర్దుకోవాల్సి వచ్చింది. అప్పుడు పడ్డ చిరాకు ఇప్పటికీ మర్చిపోలేదు. కాబట్టి సీటు ఖాయం చేసుకున్న రోజే రీజియన్ (దీవి స్థానిక ప్రభుత్వం) వాళ్ల అద్దె ఇళ్ల సంస్థ గొట్లాండ్స్‌హెమ్ క్యూలో పేరు నమోదు చేసుకోండి. పన్నెండు నెలల కాంట్రాక్టు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా వదులుకోవద్దు.

గాజువాక_ఈఈఈ
చాలా థాంక్స్ అక్కా, థాంక్స్ బ్రదర్. పర్మిట్ తేదీల సంగతి నాకు అసలు తెలీదు. కరెంటు గురించి కూడా ఎవరైనా చెప్పండి. హెచ్‌వీడీసీ (ఎక్కువ వోల్టేజీ డైరెక్ట్ కరెంటుతో విద్యుత్ పంపే పద్ధతి) పాఠం మొదలవ్వడమే గొట్లాండ్ పేరుతో మొదలవుతుంది కదా. మా ఇంటికి దగ్గర్లో గాజువాక సబ్‌స్టేషన్‌లో తూర్పు, దక్షిణ గ్రిడ్‌లను కలిపే హెచ్‌వీడీసీ ఉంది. కాలేజీ రోజుల్లో విజిట్‌కి వెళ్లినప్పటి నుంచి ఈ దీవి పేరు గుర్తుండిపోయింది.

ఉప్సలా_పూర్వవిద్యార్థి
బ్రదర్, మీరు సరైన చోటికే వస్తున్నారు. 1954లో వెస్టర్విక్ నుంచి దీవిలోని ఈగ్నె దాకా సముద్రం అడుగున కేబుల్ వేశారు. 100 కిలోవోల్టులు, 20 మెగావాట్లు. వాణిజ్యపరంగా నడిచిన మొదటి హెచ్‌వీడీసీ లింకుగా చెప్పేది దాన్నే. స్వీడిష్ కంపెనీ ASEA కట్టింది, వెనక ఉన్న ఇంజనీరు ఊనో లామ్. ఏసీని డీసీగా మార్చే అప్పటి పాదరసపు వాల్వులు పోయి సెమీకండక్టర్ థైరిస్టర్లు వచ్చాయి. 1983లో ఒకటి, 1987లో ఒకటి, 130 మెగావాట్ల చొప్పున కొత్త కేబుళ్లు వచ్చి పాతదాన్ని తీసేశారు.

ఇక్కడితో ఆగలేదు. దక్షిణ కొసన నేసుద్దెన్ అనే చోట గాలి చాలా బలంగా వీస్తుంది. ఎనభైల నుంచే అక్కడ ప్రయోగాలు చేశారు. 1993లో నిలబెట్టిన 3 మెగావాట్ల మరకు మటిల్డా అని పేరు పెట్టారు. 2008లో దించేసేనాటికి ఒకే మర చేసిన ఉత్పత్తిలో అది ప్రపంచ రికార్డు. అక్కడి కరెంటంతా విస్బీకి చేర్చడానికి 1999లో 70 కిలోమీటర్ల హెచ్‌వీడీసీ లైట్ (ట్రాన్సిస్టర్లతో నడిచే కొత్త రకం హెచ్‌వీడీసీ) లైను వేశారు. 50 మెగావాట్ల ఆ లైను కూడా వాణిజ్యపరంగా ఆ టెక్నాలజీకి మొదటిదే. ఇంత చిన్న దీవిలో పవర్ ఇంజనీరింగ్ చరిత్ర రెండుసార్లు మలుపు తిరిగింది. తరగతిలో ఈ లైన్ల గురించి మాట్లాడుకుని మధ్యాహ్నం బస్సెక్కి చూసి రావచ్చు. ఈ వీలు ఇంకెక్కడ దొరుకుతుంది?

దీవి వాడుకునే కరెంటులో సగానికి దగ్గరగా గాలి నుంచే వస్తుంది. కొత్త మరలు పెట్టడానికి మాత్రం కేబుల్ సామర్థ్యం అడ్డం. కొత్త లింకు ప్రతిపాదనను స్వీడన్ గ్రిడ్ సంస్థ 2017లో ఆపేసింది, ఆ తర్వాత మళ్లీ చేపట్టింది. మీ కోర్సులో ఈ వాదన తప్పకుండా వస్తుంది.

పల్నాడు_సివిల్
కేబుల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి సిమెంటు గురించి చెప్తాను. మాది పిడుగురాళ్ల వైపు, సున్నపురాయి మధ్యే పెరిగాం. ఇప్పుడు స్వీడన్‌లో నిర్మాణ రంగంలో ఉన్నాను.

గొట్లాండ్ తూర్పు తీరంలో స్లీటె అనే ఊరుంది. స్వీడన్ వాడే సిమెంటులో సుమారు ముప్పాతిక వంతు అక్కడి ఒక్క ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. మొన్నటిదాకా సెమెంటా అనేవారు, ఇప్పుడు హైడల్‌బర్గ్ మెటీరియల్స్. 2021 జులైలో అప్పీలు కోర్టు దాని క్వారీ లైసెన్సు దరఖాస్తును తోసిపుచ్చింది. భూగర్భజలాలకు, పక్కనున్న రక్షిత ప్రాంతాలకు నష్టం లేదని కంపెనీ సరిగా చూపలేదన్నది కారణం. పాత లైసెన్సు అక్టోబరు ఆఖరుతో అయిపోతుంది. దేశమంతా గగ్గోలు. మా సైట్లలో కాంక్రీటు దొరుకుతుందా అని ప్రతి మీటింగులోనూ ఇదే చర్చ. చివరికి పార్లమెంటు తాత్కాలిక చట్టం చేసి, ప్రభుత్వమే నవంబరులో అనుమతి ఇచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒక దేశం తన సిమెంటులో ఇంత భాగాన్ని ఒకే దీవిలోని ఒకే క్వారీ మీద పెట్టుకోవడం తప్పు. ఆ తప్పు స్లీటె కార్మికులది కాదు. ఫ్యాక్టరీ మూతపడితే వందల కుటుంబాలు వీధిన పడతాయి, స్లీటెలో ఇంకో పెద్ద ఆధారం లేదు.

రైతుబిడ్డ_నీళ్లు
పల్నాడు సోదరా, కార్మికుల మాట ఒప్పుకుంటాను, కానీ నీళ్ల వైపు నుంచి కూడా చూడాలి. భూగర్భజలాల మీద పనిచేస్తాను, ఆ పనిమీదే దీవికి వెళ్లొస్తుంటాను.

దీవి మొత్తం సున్నపురాయి పలక. చాలాచోట్ల దానిమీద మట్టి పొర పలచన. వాన పడితే పగుళ్లలోంచి దిగి తొందరగా సముద్రంలోకి పోతుంది. దానికి తోడు పంతొమ్మిదో శతాబ్దం నుంచి వ్యవసాయం కోసం పెద్ద పెద్ద చిత్తడి నేలలకు కాలవలు తవ్వి ఎండబెట్టారు. నీళ్లు నిలిచే చోట్లే పోయాయి. వేసవిలో ఇక్కడ జనం పెరిగిపోతారు, అదే సమయంలో వాన తక్కువ. తోటకు పైపుతో నీళ్లు పట్టకూడదని రీజియన్ ఆంక్షలు పెట్టడం మామూలైపోయింది. అందుకే తూర్పున హెర్విక్‌లో, ఆ తర్వాత నైరుతిన క్వార్నోకెర్స్‌హమ్న్‌లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు కట్టారు. బాల్టిక్‌లో ఉప్పు మహాసముద్రాలతో పోలిస్తే ఐదో వంతు మాత్రమే, కాబట్టి ఖర్చు కొంత తక్కువ. అయినా దానికీ కరెంటు కావాలి. ఇంత తంటా పడే చోట స్లీటె ప్రజల తాగునీటి బావుల పక్కనే క్వారీ లోతు పెంచుతామంటే కోర్టు గట్టిగా అడగడం న్యాయమే.

వ్యవసాయం మాత్రం బాగుంది. గొర్రెలు, పాడి, క్యారెట్లు, బంగాళాదుంపలు. ఓక్ చెట్ల వేళ్ల దగ్గర ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగులాంటిది దొరుకుతుంది, కుక్కలతో వెతికిస్తారు. చక్కెర దుంప ఒకప్పుడు పెద్ద పంట. రోమా ఊళ్లో ఫ్యాక్టరీ 1894 నుంచి నడిచి 1998లో మూతపడింది. దుంపల్ని ఓడల మీద వేరే ఫ్యాక్టరీకి పంపితే గిట్టదు కదా, ఫ్యాక్టరీతో పాటు పంటా పోయింది.

పల్నాడు_సివిల్
బావుల సంగతి కాదనను. కంపెనీ అధ్యయనాలు ముందే సరిగా చేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

స్టాక్‌హోమ్_రావు
» ఇంత చిన్న దీవిలో పవర్ ఇంజనీరింగ్ చరిత్ర రెండుసార్లు మలుపు తిరిగింది

చరిత్ర బాగుంది. కానీ తమ్ముడికి కావలసింది జీతం. సిమెంటు, గొర్రెలు, టూరిజం కాకుండా అక్కడ ఆఫీసు ఉద్యోగాలు ఏమున్నాయో ఎవరైనా చెప్పండి. చలికాలంలో ఊరు ఎలా ఉంటుందో కూడా.

విస్బీ_అక్క
రావు గారూ, మంచి ప్రశ్న.

అందరికంటే పెద్ద యజమాని రీజియన్ గొట్లాండ్. మెయిన్‌ల్యాండ్‌లో మున్సిపాలిటీ వేరు, ఆసుపత్రులు చూసే రీజియన్ వేరు. ఇక్కడ రెండూ ఒకటే. బడులు, వృద్ధుల సంరక్షణ, విస్బీ ఆసుపత్రి, బస్సులు, నీళ్లు అన్నీ దాని చేతిలోనే. తర్వాత, ప్రభుత్వం కావాలని ఇక్కడికి తరలించిన ఆఫీసులున్నాయి. ప్రభుత్వ లాటరీ సంస్థ స్వెన్‌స్కా స్పెల్ ప్రధాన కార్యాలయం విస్బీలోనే, దానికి ఐటీ మనుషులు కావాలి. దేశపు పురావస్తు వారసత్వ శాఖ, పెన్షన్ల శాఖ, విద్యార్థి రుణాల శాఖ వాళ్ల ఆఫీసులూ ఉన్నాయి. 2005 ప్రాంతంలో సైనిక రెజిమెంటును ఎత్తేసినప్పుడు ఊరు బాగా దెబ్బతింది. బాల్టిక్‌లో పరిస్థితి మారాక 2018లో పీ18 రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. దాంతో పనులు పెరిగాయి, ఇళ్ల గిరాకీ కూడా పెరిగింది.

వీటిలో చాలావాటికి స్వీడిష్ రావాలి. ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే ఉద్యోగాలు స్టాక్‌హోమ్‌లో ఉన్నన్ని ఇక్కడ లేవు, ఆ మాట మాత్రం వాస్తవం. నంబర్ వచ్చిన రోజే ఉచిత భాషా తరగతుల్లో చేరాలి. నర్సింగ్, వృద్ధుల సంరక్షణ, బడి వంటశాలలు, ఇలాంటి వాటిలో మనుషుల కొరత ఎప్పుడూ ఉంది, భాష వస్తే మీ ఆవిడకు దారి దొరుకుతుంది.

పాప విషయం. మూడేళ్లు నిండిన పిల్లలకు వారానికి 15 గంటల ప్రీస్కూల్ ఉచితం. ఆరో ఏట బడి మొదలు. ఇవన్నీ నమోదైనవాళ్లకే, అందుకే పైన ఉప్సలా తమ్ముడు చెప్పిన పర్మిట్ మాట మళ్లీ గుర్తుచేస్తున్నా.

డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకల్లా చీకటి పడుతుంది. మంచు ఉత్తర స్వీడన్ అంత పడదు, సముద్రం వల్ల చలీ అంత తీవ్రం కాదు. గాలి మాత్రం ఎముకల్లోకి దిగుతుంది. కోటగోడ లోపల వీధుల్లో వేసవి ఇళ్ల కిటికీలన్నీ చీకటిగా ఉంటాయి. మొదటి ఏడాది నాకది దిగులుగా అనిపించింది. కానీ జనవరిలోనే ఇక్కడివాళ్లు నిజంగా పరిచయమవుతారు. జులైలో ఎవరికీ తీరిక ఉండదు. లైబ్రరీ ఊరికీ యూనివర్సిటీకీ కలిపి ఒకటే, సముద్రం ఎదురుగా ఉంటుంది. చర్చి పాటల బృందం, ఈత కొలను, పిల్లల హ్యాండ్‌బాల్, ఏదో ఒకదానిలో చేరండి. ఇంట్లో కూర్చుంటే మాత్రం దీవి మింగేస్తుంది.

వేసవి గురించి రెండే మాటలు. జూన్ ఆఖరులో ఆల్మెదాలెన్ వారం. 1968లో, తర్వాత స్వీడన్ ప్రధాని అయిన ఊలోఫ్ పాల్మె ఇక్కడ లారీ మీద నిలబడి మాట్లాడటంతో మొదలై, ఇప్పుడు దేశ రాజకీయ నాయకులందరూ దిగే వారం అయ్యింది. ఆగస్టులో మధ్యయుగాల వారం. ఈ రెండు వారాల్లో ఫెర్రీలో కారుకు చోటు కావాలంటే నెలల ముందే బుక్ చేయాలి.

గాజువాక_ఈఈఈ
అక్కా, దీవి లోపల తిరగడానికి కారు తప్పనిసరా?

ఉప్సలా_పూర్వవిద్యార్థి
విస్బీలోనే ఉంటే సైకిలు చాలు. క్యాంపస్, షాపులు, ఆసుపత్రి అన్నీ దగ్గరే. బయటి ఊళ్లకు, అంటే హెమ్సె, స్లీటె, క్లింటెహమ్న్, ఫోరోసుండ్‌లకు విస్బీ నుంచి బస్సులున్నాయి. మామూలు రోజుల్లో బడి, ఆఫీసు వేళలకు సరిపోతాయి. శని, ఆదివారాల్లో బాగా తగ్గిపోతాయి. ఒకప్పుడు రైలు కూడా ఉండేది. 1878లో విస్బీ నుంచి హెమ్సెకి నారో గేజ్ వేశారు, 1960లో మూసేశారు. ఇప్పుడు దాల్‌హెమ్‌లో అభిమానులు కొంత ముక్కను మ్యూజియం రైలుగా నడుపుతున్నారు, పాపను తీసుకెళ్లండి.

కారు కొంటే, మన లైసెన్సు నివాసం నమోదైన తేదీ నుంచి ఏడాది వరకే చెల్లుతుంది.

విస్బీ_అక్క
ఉత్తరాన ఫోరో అనే చిన్న దీవి ఉంది. ఫోరోసుండ్ నుంచి పసుపు రంగు ఫెర్రీ పదినిమిషాల్లోపు దాటిస్తుంది. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినవాళ్లకు అది వెంటనే సొంతమైపోతుంది. కార్లు వరసగా ఎక్కిస్తారు, దిగిస్తారు. అది ఉచితం, ఎందుకంటే ప్రభుత్వం దాన్ని రోడ్డులో భాగంగా లెక్కేస్తుంది. తీరంలో రౌకర్ అనే సున్నపురాయి స్తంభాలు నిలబడి ఉంటాయి. సినిమా దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ చనిపోయేదాకా ఉన్నది అక్కడే.

ఇక్కడే నాకు బాధ కలిగే విషయం ఒకటుంది. ఫోరోకు వెళ్లే నీళ్లు రోడ్డు అయినప్పుడు, మెయిన్‌ల్యాండ్‌కి వెళ్లే నీళ్లు ఎందుకు రోడ్డు కావు? పక్కనున్న ఓలాండ్ దీవికి 1972లో ఆరు కిలోమీటర్ల వంతెన కట్టారు, టోల్ లేకుండా దాటుతున్నారు. మాకు దూరం వల్ల వంతెన కుదరదు, అర్థం చేసుకోగలం. కానీ ఆయిల్ ధర పెరిగిన ప్రతిసారీ టికెట్ పెరిగితే, ముసలి తల్లిని చూడటానికి వెళ్లేవాళ్లు, క్యాన్సర్ చికిత్సకు స్టాక్‌హోమ్ వెళ్లేవాళ్ల ఇంటివాళ్లు, క్యారెట్లు పంపే రైతు, అందరి మీదా ఆ భారం పడుతుంది. ఎన్నికల ముందు ప్రతి పార్టీ దీని గురించి మాట్లాడుతుంది. కిలోమీటరుకు రోడ్డు మీద ఎంత ఖర్చవుతుందో ఓడ మీదా అంతే కావాలన్నది ఇక్కడి చాలామంది కోరిక, నాదీ అదే.

స్టాక్‌హోమ్_రావు
ఆ రోడ్డు వాదన బలంగా ఉంది, ఒప్పుకుంటున్నా. ద్వీపసమూహాల్లో ఉచిత పసుపు ఫెర్రీలు మేమూ ఎక్కుతాం, ఈ తేడా ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా తమ్ముడూ, కుటుంబాన్ని మొదటి రోజే తీసుకురాకు. నువ్వు ఆగస్టులో వచ్చి ఇల్లు, నంబర్ చూసుకున్నాక వాళ్లను రమ్మను.

విస్బీ_అక్క
ఈ సలహాకు నేనూ ఓటేస్తాను. అక్టోబరు లోపు రప్పించుకో, వెలుగు ఉండగానే పాప ఊరికి అలవాటు పడుతుంది.

గాజువాక_ఈఈఈ
అందరికీ ధన్యవాదాలు. సీటు ఖాయం చేసుకుంటున్నాను, గొట్లాండ్స్‌హెమ్‌లో పేరు ఈ రాత్రికే నమోదు చేస్తాను. చివరి ప్రశ్న: ఆర్లాండా ఎయిర్‌పోర్టులో దిగాక దీవికి ఎలా చేరాలి? ఇంటి నుంచి ఏం తెచ్చుకోవచ్చు?

విస్బీ_అక్క
ఆర్లాండా నుంచి లోకల్ రైల్లో స్టాక్‌హోమ్ సెంట్రల్, అక్కడి నుంచి నీనెస్‌హమ్న్‌కి ఇంకో లోకల్ రైలు, సుమారు గంట. స్టేషను నుంచి రేవు దగ్గరే, కానీ రెండు పెద్ద పెట్టెలతో నడక కష్టం. మధ్యాహ్నం ఓడ కాకుండా రాత్రి ఓడకు టికెట్ తీసుకో. ఢిల్లీలోనో దోహాలోనో విమానం ఆలస్యమైనా అందుకోవచ్చు. బయల్దేరే టైముకు ముందే చెక్-ఇన్ మూసేస్తారు, చివరి నిమిషంలో పరుగెత్తితే ఎక్కనివ్వరు.

పచ్చళ్లు, కారంపొడి, పప్పులు తెచ్చుకో. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు వద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి వాటిని రానివ్వరు. సోనా మసూరి స్టాక్‌హోమ్‌లో దొరుకుతుంది. ఎవరు కారుతో వెళ్లినా అందరికీ కలిపి మూటలు తెస్తాం. ఓడ ఎక్కే రోజు ఈ థ్రెడ్‌లోనే మెసేజ్ పెట్టు, విస్బీ రేవుకు మా ఆయన వస్తారు.